గద్వాల చీరకు ఎడమ అంచు

మా చెల్లెలి పెళ్లికి గద్వాల చీరే కావాలని అమ్మ పట్టుబట్టింది. దసరాకే గద్వాలలో కిష్టప్ప అనే నేతగానికి కబురుచేసి చెప్పిపెట్టాం. చీర సిద్ధమై ఉంటుంది, వెళ్లి తెచ్చుకోవడమే కదా అని బడికి సెలవు పెట్టి నాగర్‌కర్నూలు నుంచి బయలుదేరాను. తెచ్చుకోవడమే అనుకున్న పనులు ఎప్పుడూ అంత తేలిగ్గా తెమలవు.

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై బస్సులు బొగ్గుమీద నడుస్తున్నాయి. తెల్లవారకముందే బస్సు వెనకున్న కొలిమి రాజేస్తే, బండి పొద్దెక్కాక కదిలింది. వనపర్తి ఇంకా దూరముండగా ఒక మిట్ట దగ్గర ఆగిపోయింది. "జర దిగి తొయ్యుండ్రి పంతులూ, మీరు తోస్తేనే దీనికి పాణమొస్తది" అన్నాడు డ్రైవరు. టికెట్టు పది అణాలు, తోయడం ఉచితం. ఈ దారిన వచ్చేవాళ్లు వనపర్తిలోనే భోజనం కానివ్వండి. అక్కడి నుంచి ఇంకో బస్సు వనపర్తి రోడ్ స్టేషనుకు తీసుకెళ్తుంది, స్టేషనులో మాత్రం బొరుగులు తప్ప ఏమీ దొరకవు. మధ్యాహ్నపు ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు సంపాదిస్తే కృష్ణమ్మను తనివితీరా చూడవచ్చు. పొద్దు వాలకముందే గద్వాలలో దిగాను.

నేతగాళ్ల వీధిలో కిష్టప్ప ఇల్లెక్కడని అడిగితే ఒకాయన విననట్టే వెళ్లిపోయాడు. నూలు చుడుతున్న ఒకామె తల తిప్పుకుంది. చివరికి అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యి చాపి పక్కిల్లు చూపించాడు.

చీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఒళ్లంతా అయింది, కొంగు మిగిలింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులు పట్టు. రెండూ పోగుపోగుకూ కలుసుకోవాలి కాబట్టి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఇద్దరు కూర్చుంటారు, ఒకరు ఎడమ అంచు చూసుకోవాలి.

"ఎడమదిక్కు మా అన్న ఈరన్న కూసునేటోడు. మీకు ఇల్లు చూపిచ్చినాయననే. పోయిన నెల, చీర ఒళ్లు అయినంక, నేను బాప్తిస్మం తీసుకున్న. ఆనాడే మగ్గం దిగిండు" అన్నాడు కిష్టప్ప. అన్న చోటులో ఇప్పుడు భార్య అనంతమ్మ కూర్చుని పని నేర్చుకుంటోంది.

పెళ్లి తరుముకొస్తోంది. నేను అరుగు దగ్గరికి పోయి ఈరన్నను బతిమాలాను.

"టెంకాయ కొట్టమంటలేను పంతులూ. గుంటల దిగేముందు మగ్గాన్ని తాకి కండ్లకద్దుకుంటం. మా తాతల కాలం సంది గంతే. గదొక్కటి చెయ్యమనుండ్రి, ఇప్పుడే వచ్చి కూసుంట. మొక్కని మగ్గం మీద నాకు చెయ్యాడదు."

ఇంతేనా అనిపించింది. లోపలికొచ్చి కిష్టప్పకు ఆ మాట చెప్పి, కంటికి వేలు తాకించడానికి ఇంత పట్టుదల ఎందుకయ్యా అన్నాను.

అనంతమ్మ అందుకుంది. "నా చెయ్యి ఇంకా సాగుతలేదు పంతులూ. ఇద్దరి పని ఇట్ల నడిస్తే నాకేం లాభమని, ఈ చీర దిగినంక నూలియ్యనన్నడు సావుకారు." అని మొగుడివైపు చూసింది.

కిష్టప్ప చెయ్యి దానంతటదే లేచింది. చిన్నప్పటి అలవాటు కదా. పడుగు దాకా పోయి ఆగింది. కాసేపటికి దాన్ని తెచ్చి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మగ్గం మీద నాకేం కోపం లేదు. ఇన్నేండ్లు అన్నం పెట్టింది. కానీ ఇప్పుడు తాకి అద్దుకుంటే అది అన్న కోసం, నూలు కోసం. అన్నేమో మనసుల నుంచి మొక్కమంటుండు. దేవునికి అబద్ధం, అన్నకూ అబద్ధం. ఎట్ల చెయ్యాలె?"

అతను కళ్లు మూసుకుని ఏదో అనుకున్నాడు. తర్వాత భార్యను పిలిచాడు. ఇద్దరూ గుంటలోకి దిగారు.

చీర దిగేదాకా సత్రంలో ఉన్నాను. సత్రంలో పడకకు ఏమీ తీసుకోరు, ఎదురుగా ఒక ముసలమ్మ జొన్నరొట్టె, పుండికూర పెడుతుంది, ఎంతిచ్చినా పుచ్చుకుంటుంది. రోజూ పొద్దున కిష్టప్ప గడప బయట నిండు బిందెలు కనిపించేవి. బాప్తిస్మం తర్వాత వీధి బావి దగ్గరికి వాళ్లను రానివ్వడం లేదట. ఒకరోజు బిందె దించుతూ ఈరన్న నా కంటబడ్డాడు. ఇదేమిటన్నాను. "మగ్గం ముచ్చట వేరే, గొంతెండే దూప ముచ్చట వేరే" అని వెళ్లిపోయాడు.

పెళ్లినాడు అమ్మ చీర విప్పి, కొంగు దగ్గర ఎడమ అంచు మీద వేలుపెట్టి "ఇక్కడ చెయ్యి మారిందిరా" అంది. అవునన్నాను. అన్నదమ్ముల్లో ఎవరు సరో నాకిప్పటికీ తెలియదు. నేనైతే వేలు కంటికి తాకించి, నూలు తెచ్చుకుని, సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయేవాణ్ణి. అందుకే ఆ ఇద్దరినీ తలుచుకుంటే కాస్త ఈర్ష్యగా ఉంటుంది. కిష్టప్పకు మంచి జరిగిందని చెప్పాలని ఉంది కానీ, నేను గద్వాల వదిలేనాటికి నూలు లేక మగ్గం ఖాళీగా ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నూలు, పట్టు బజారులో మీరే కొని పట్టుకెళ్లండి, కిష్టప్ప నేసిస్తాడు, ఆలస్యానికి సిద్ధపడండి. అతని ఇల్లెక్కడంటే ఆ వీధిలో ఎవరూ చెప్పరు. ఈరన్న ఇల్లు అడగండి. ఆయన పక్కిల్లు చూపిస్తాడు.