మునిప్రసాద్ పసుపు పూసిన చీర

పుత్తూరులో పెళ్లి కుదిరితే ముందు పంతులు, తర్వాత వంటమనిషి, ఆ తర్వాత మునిప్రసాద్. ఇరవై రెండేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. నోరు పచ్చిమిరపకాయ, మనసు వెన్న. పెళ్లికూతురు ఫ్రేము నడుమ ఉండాలి, బొమ్మంతా పసుపుపచ్చగా వెచ్చగా ఉండాలి, లేకపోతే పెళ్లికళే రాదంటాడు. కంప్యూటరు ముందు కూర్చుని రంగులు సరిచేసేటప్పుడు ఎవరడిగినా అడక్కపోయినా ఇంకాస్త పసుపు వేస్తాడు.

చర్చి పెళ్లిళ్లన్నీ పక్కవీధి స్టూడియోకే పోయేవి. మొన్న ఫిబ్రవరిలో ఆ స్టూడియో అతనికి జ్వరమొచ్చి, జెస్సీ పెళ్లి మునిప్రసాద్‌కు తగిలింది. అక్కడ పెళ్లికూతురు తెలుపు కడుతుందని ఆయనకు తెలియక కాదు. కానీ తెల్లచీరలో ఆ పిల్ల కెమెరాలోకి వచ్చేసరికి గుండె గుబుక్కుమంది. బంగారంలాంటి పిల్లకు ఇదేం ఖర్మ అనుకుని, ఎడిటింగులో ఆ చీరను లేతపసుపు చేసేశాడు. పైగా తన భుజం తానే తట్టుకున్నాడు.

వీడియో ఇచ్చిన మూడోరోజు జెస్సీ తల్లి కృపామణి వచ్చింది. స్టూడియో అంటే ఆయన ఇంటి ముందుగదే. గడప దగ్గర ఆయన తల్లి సిద్ధమ్మ చింతపండు గింజలు తీస్తోంది. కృపామణి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"అన్నా, ఆ చీర నా పెండ్లిది. మా ఆయన చిత్తూరులో కొనుక్కొచ్చినాడు. ఆయన లేడు, చీర ఉండాది. బిడ్డ ఒంటిమీద దాన్ని సూసుకుందామనుకుంటే, నీ వీడియోలో అది యాడుండాది?"

"తెలుపు అపశకునం కదమ్మా, అందుకని..." అని నసిగాడు మునిప్రసాద్.

"మాకు అదే పెండ్లి రంగన్నా," అంది కృపామణి.

సిద్ధమ్మ చాట తీసుకుని మెల్లగా లోపలికి వెళ్లిపోయింది. భర్త పోయిన ముప్పై ఏళ్ల నుంచి ఆమె కట్టేది తెల్లచీరే. నోరు జారిన సంగతి కొడుక్కి అప్పుడు తెలిసింది.

అదృష్టం బాగుండి కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు. రెండు రోజులు కుస్తీ పట్టాడు. పసుపు తీసేస్తే చీర బూడిదలా తేలింది. చర్చి గోడలూ, పూలూ, చుట్టాల పట్టుచీరలూ దానికంటే ఎక్కువ మెరుస్తున్నాయి. వాటి రంగులు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోతే తెలుపు మల్లెమొగ్గలా విచ్చుకుంది. ఆ పనిలోనే, పనికిరాదని పారేసిన ఒక తునక కంటబడింది. అందులో జెస్సీ ఫ్రేము అంచుకు జరిగిపోయింది. మిగిలిన చోటంతా కృపామణిదే. వంగి కుచ్చిళ్లు సర్దుతూ, ఆ చీర చెంగును చెంపకు ఆనించుకుని ఉంది. పెళ్లికూతురు నడుమ లేదని దీన్ని తీసేశానా అని సిగ్గుపడి, వీడియో మొదట్లో అదే పెట్టాడు.

కృపామణి వచ్చి చూసింది. ఆ తునక రాగానే తెర మీద చీరను వేలితో తడిమి, "ఇదో, ఈడ ఉండాది," అని ఏడ్చింది.

"ఎంత బాగుండాదో తెలుపు," అంది వెనకాల నుంచి సిద్ధమ్మ.

మునిప్రసాద్ తిరిగి చూశాడు. చెల్లెలి పెళ్లి, పిల్లల చెవిపోగుల వేడుక, గృహప్రవేశం, అన్నీ తానే తీశాడు. ఒక్కదాంట్లోనూ అమ్మ లేదు. ఆమెను ఎవరూ పక్కకు పొమ్మనలేదు. తెలుపు అడ్డం వచ్చినప్పుడల్లా కెమెరా తిప్పుకున్నది తానే. లేచి కెమెరా ఆమె వైపు పెట్టాడు.

"నన్నెందుకు నాయనా, ఈ గుడ్డతో?" అని సిద్ధమ్మ మొహం తిప్పుకుంది.

"ఆ గుడ్డతోనేమ్మా. ఇట్ల సూడు," అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుంది, కొంగు సర్దుకుంది, ఇంకోసారి సర్దుకుంది. "బాగుండానా?" అని అడిగింది.