అత్వెల్లి దగ్గర సార్ వంతెన

మొన్న ఉదయం సార్ వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాయిన పోయిండు" అంది.

ఇంజనీరింగ్ కాలేజీలో నాకు పాఠం చెప్పిన సార్ ఆయన. రిటైరయ్యాక అత్వెల్లి దగ్గర హైవే మీద పాదచారుల వంతెనకు డిజైన్ చేశారు. సైటు పని చూసుకున్న ఇంజనీర్ని నేను.

పని ఒప్పుకున్నాక సార్ చాలా రోజులు కాగితం ముట్టుకోలేదు. టీకొట్టు బెంచీ మీద కూర్చుని, జనం ఎక్కడ రోడ్డు దాటుతున్నారో చూసేవారు. ఓసారి ఆకుకూరల గంపతో లారీల మధ్య నుంచి వచ్చిన ఒక అవ్వను ఆపారు.

"గీడనే ఎందుకు దాటుతున్నవ్ అవ్వా?"

"బస్సు గీడనే ఆగుతది గద బిడ్డా. ఇంకేడ దాటాలె?"

వంతెన చోటు అప్పుడే ఖాయమైంది.

మెట్లతో పాటు ఏటవాలు దారి కూడా ఉండాలన్నారు సార్. దానికి దుకాణాల ముందు జాగా కావాలి. యజమాని ససేమిరా అన్నాడు. సార్ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. వంతెన మాట ఎత్తనే లేదు. వాకిట్లో ఉన్న ఆయన తల్లి పక్కన కూర్చుని, మోకాళ్ల నొప్పుల గురించి కబుర్లలో పడ్డారు.

"మెట్లెక్కుడు నాతోని కాదు సారూ. రోడ్డవతల మా చెల్లె ఉంటది. దాన్ని సూడక మస్తు దినాలాయె," అందామె.

కొడుకు వింటూ నిలబడ్డాడు. మేం లేచినప్పుడు గేటు దాకా వచ్చి, "ఎంత జాగ కావాలె సార్?" అని మెల్లగా అడిగాడు.

ఇనుప దూలాలు ఎక్కించి, నడిచే దారి పరిచాక, కాలేజీ పిల్లల్ని పిలిపించారు. "అందరు ఒక్కసారి ఎగురుండ్రి" అంటే నవ్వుకుంటూ గెంతారు. సార్ మధ్యలో కళ్లు మూసుకుని నిలబడ్డారు. కాళ్ల కింద కాస్త వణుకు తెలిసింది. "లెక్క ప్రకారం ఏం పరవాలేదు సార్" అన్నాను.

"కూలకపోతే సాలదు బిడ్డా. ఎక్కినోళ్లకు భయం, బుగులు కావొద్దు."

ఆ వణుకు తగ్గేలా అడుగున ఇంకొన్ని ఇనుప బిగింపులు వేయించారు. తెరవడం ఆలస్యమైంది. పైవాళ్ల మాటలన్నీ తనే పడ్డారు, నా దాకా ఒక్కటీ రానివ్వలేదు. ఇప్పుడు ఏ డిజైన్ ముందు కూర్చున్నా నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

నిన్న చర్చిలో సార్ కోసం ప్రార్థన అయ్యాక ఇంటికి పోబుద్ధి కాలేదు. వంతెన ఎక్కాను. పని నుంచి వస్తున్న ఒకామె మధ్యలో ఆగి, రెయిలింగ్‌కి మోచేతులు ఆనించి ఫోన్లో మాట్లాడుతోంది.

"ఆ, వస్తున్న. గాలి మంచిగొస్తాంది, జరసేపు నిలబడి వస్త."

కింద లారీలు హోరుమంటూ పోతున్నాయి. ఆమె వాటి వైపు చూడనేలేదు. చెప్పులు విడిచి, చెదిరిన జుట్టు ముడేసుకుని, అక్కడే నిలబడింది.