మార్కెట్ ఖలాస్, యల్లా!

పెట్రోలు పోయకుండా, అగ్గిపుల్ల గీయకుండా, నోటి మాటతోనే సొంత ఇంటి మిద్దెను తగలబెట్టుకున్న ఘనుణ్ణి నేను. తమాషా ఏమిటంటే, ఆ మిద్దె అప్పటికింకా కట్టనే లేదు. కట్టని మిద్దెను ఎట్లా తగలబెడతారయ్యా అంటారా? కాస్త ఓపిక పట్టండి. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

అప్పుడు కువైట్‌లో, సబా అల్ సలేంలోని ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. అదే ఇంట్లో వంట చేసే రమణమ్మక్కది రాయచోటి దగ్గర మా పక్క ఊరే. మా ఊళ్లో నా ఇంటికి గోడలు లేచాయి గానీ పైకప్పు లేదు. నా భార్య సుజాత ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని పక్కనే రేకుల కొట్టంలో ఉంటోంది. వానలు పడేలోగా స్లాబు పడాలి. దానికని కూడబెట్టిన డబ్బు నా దగ్గర ఉంది. బుర్ర ఉన్నవాడైతే ఆ డబ్బు ఇంటికి పంపుతాడు. నేను క్రిప్టో కొన్నాను.

కొన్నవాణ్ణి నోరు మూసుకున్నానా? లేదే! ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి పెద్ద నిపుణుణ్ణయిపోయాను. రమణమ్మక్క చేత కొనిపించాను. మిర్కాబ్‌లో బట్టలు కుట్టే రాయచోటి మస్తాన్ భాయ్ చేత కొనిపించాను. ఇంకో పదిమంది మావాళ్లను చేర్చి వాట్సాప్‌లో గ్రూపు పెట్టి, రోజూ పొద్దున్నే గొంతు సవరించుకుని "ఈ రోజు మార్కెట్ సూచన" అని వాయిస్ వదిలేవాణ్ణి. నా ముఖానికి సూచన ఒకటి!

మార్కెట్టేమో నెలల తరబడి కదలదు, మెదలదు. నీళ్లలో పడుకున్న ఎనుము మాదిరి తోకైనా ఆడించదు. దాని గురించి ఆ వీడియో మహానుభావులు ఏమనేవారో తెలుసా? "పైకి పోవచ్చు, కిందికి రావచ్చు, ఇక్కడే ఉండనూ వచ్చు. గమనిస్తూ ఉండండి." ఈ ముక్క చెప్పడానికి మెడలో టై, వెనకాల మూడు టీవీలు ఎందుకండీ? రమణమ్మక్క ఉల్లిపాయలు తరుగుతూ కూడా చెప్పగలదు. వాళ్లను తిట్టాల్సింది పోయి, పెన్ను తీసుకుని నోట్సు రాసుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

రమణమ్మక్క రోజూ అడిగేది. "ఏమప్పా, లేచిందా?"

"లేస్తాదిలేక్కా. మార్కెట్టు బేస్ కడతా ఉంది."

"మీ ఇంటికి బేస్ కట్టి రెండేండ్లాయ. దానికే మిద్దె లేయలేదు, ఇది లేస్తాదా? నా బిడ్డకు నర్సింగు ఫీజు కట్టాల, యాదుందా?"

"నన్ను నమ్మక్కా!"

పాపం, నమ్మింది.

ఒక రోజు పొద్దున మిర్కాబ్‌లో ఒక అంగడి ముందు కారు ఆపుకుని, లోపలికి పోయిన మామా కోసం కాచుకుని ఉన్నాను. మామా అంటే మా ఇంటి యజమానురాలు. ఫోన్‌లో టై ఆయన ఎగిరి గంతేస్తున్నాడు: ఇక పడేదే లేదట, మార్కెట్ కుదురుకుందట, కొనేవాళ్లు ఇప్పుడే కొనాలట! నాకు ఒళ్లు పులకరించింది. గ్రూపులో గొప్ప ఉపన్యాసం ఇద్దామని మైకు నొక్కాను. సరిగ్గా అప్పుడే మామా చేతినిండా సంచులతో బయటికొచ్చి అద్దం మీద టకటకా కొట్టింది. ఉపన్యాసానికి టైము లేదు. మూడే మూడు మాటలు వదిలాను.

"మార్కెట్ ఖలాస్! యల్లా!"

ఫోను జేబులో పడేసి బండి తీశాను.

ఇక్కడ నా పాండిత్యం గురించి రెండు మాటలు వినాలి మీరు. అరబ్బు ఇంట్లో బేరం కుదిరినా ఖలాసే, మాట ఖాయమైనా ఖలాసే. నా లెక్కలో నేను చెప్పింది, "మార్కెట్ కుదిరింది, ఇక కానివ్వండి!" అని. కానీ వినేవాళ్లు పుట్టింది రాయచోటిలో కదా! మా వైపు లారీ కింద మోటారు సైకిల్ పడితే అంటాం ఖలాస్ అని. దాని వెనకాలే యల్లా, అంటే పదండి పదండి, అని అరిస్తే ఎవడైనా ఏం చేస్తాడు? చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తుతాడు.

మామా ఆ రోజు నన్ను అంగళ్లన్నీ తిప్పి, బ్నీద్ అల్ గార్‌లో వాళ్ల చెల్లెలి ఇంటికీ తీసుకుపోయింది. జేబులో ఫోను ఒకటే వణుకు. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారనుకుని స్టీరింగు పట్టుకుని మురిసిపోయాను. వెధవను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి రమణమ్మక్క గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"అందరం అమ్మేస్తిమప్పా. రవ్వంత నష్టమైతే అయినాదని అమ్మేస్తిమి."

"అయ్యో, ఎందుకమ్మినారక్కా!"

"నువ్వే గదా ఖలాస్ అంటివి!"

"ఖలాస్ అంటే కుదిరిందని అక్కా! కొనుక్కోండని!"

"ఓహో! మామా వచ్చి కూర ఖలాస్ అంటే, కూర బాగా కుదిరిందనా? గిన్నె ఖాళీ అనా?"

అంతలో మస్తాన్ భాయ్ ఫోను. "భాయ్, దుకాణంలో మిషన్లు ఆపి మరీ అమ్మినాం. యల్లా అని అరిస్తివి, ఎవురన్నా ఆగుతారా?"

"మీకు బుద్ధి లేదు! రేపు పెరిగినాక నా దగ్గరికొచ్చి ఏడ్వద్దండి. నేను మాత్రం చచ్చినా అమ్మను!" అని ఫోను పెట్టేశాను.

మూడో రోజు ఎనుము లేచింది. లేచి నేరుగా పోయి బావిలో పడింది.

ఆ శుక్రవారం మావాళ్లంతా కలిసి నాకు దావత్ ఇచ్చారు. మస్తాన్ భాయ్ స్వయంగా బిర్యానీ వండాడు. "అరె భాయ్, నీ నోట్లో చక్కెర పొయ్యాల! మూడ్రోజుల ముందే ఎట్ల కనిపెట్టినావ్?"

"నేను అమ్మమనలేదు మొర్రో!" అని అరిచాను.

"సూడండప్పా, ఎంత అణకువో!" అంది రమణమ్మక్క. ఆమె బిడ్డ ఫీజు గట్టెక్కింది మరి. అందరూ చప్పట్లు కొట్టారు. కోపంతో పళ్లు నూరుతున్నానో, బిర్యానీ నములుతున్నానో నాకే తెలియలేదు.

మర్నాడు సుజాత ఫోన్ చేసింది. గొంతులో ఎంత సంతోషమో!

"రమణమ్మక్క అంతా చెప్పిందిలే. నీ మాట విని పదిమంది బయటపడినారంట గదా! నేను మేస్త్రీని పిలిపించి సెంట్రింగ్ కొట్టమన్యా. డబ్బు ఎప్పుడు పంపుతావు?"

పిల్లలు తిన్నారా అని అడిగాను.

"అదట్ల ఉండనీ. మనది ఎప్పుడు అమ్మినావు?"

"అమ్మలేదే."

"ఊరందరికీ చెప్పినావు. మనకొక్కరికే చెప్పుకోలేకపోయినావా?"

ఆ వానాకాలమంతా ఆమె ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల రేకుల మీద వాన చప్పుడు వినబడేది. సిగ్నలు సరిగా లేదని అబద్ధం చెప్పి పెట్టేసేవాణ్ణి. స్లాబు ఆ మరుసటి ఏడు పడింది. నా మీద నాకు కోపం మాత్రం ఇంకా పోలేదు.

కాబట్టి నన్ను కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద చెయ్యి వేసి, పెద్దలందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో దేని భవిష్యత్తూ చెప్పను. ఆగస్టు నెలలో, కువైట్ నడిబొడ్డున నిలబెట్టి, రేపు ఎండ కాస్తుందా అని అడిగినా సరే, తల దించుకుని ఒకటే జవాబు చెబుతాను: "ఏమో సామీ, నాకు తెలీదు."