పసుపు పట్టీ

మా పక్కింటి పెయింటర్ గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే మా ఆవిడ చెప్పింది. మెట్టుగూడలో మా రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. అయినా ఆయన వారం రోజులుగా ఆసుపత్రిలో ఉన్న సంగతి నాకు తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

ఆయన మౌలాలి రైల్వే షెడ్డులో డీజిల్ ఇంజన్లకు రంగులు వేసి రిటైరయ్యారు. నేను బ్యాంకు ఉద్యోగిని. పాత ఇంజన్ల నమూనాలు తయారుచేయడం నా పిచ్చి. జానెడు ఇంజను కట్టడం పెద్ద కష్టం కాదు. అది ఆ రోజుల్లో ఏ రంగులో తిరిగిందో తేల్చుకోవడమే కష్టం. ఒకరోజు వరండాలో పాత ఫొటోలు పరుచుకుని తికమకపడుతుంటే, ఆయన గోడ మీదుగా చూశారు.

"ఫొటోలను నమ్మకుండ్రి సార్. ఎండకు ఇంజను ఎలుస్తది, ఫొటో సుత ఎలుస్తది."

ఆ తర్వాత రెండేళ్లు ఆయన నాకు గురువు. రేకు ముక్క మీద రంగు కలిపి, దాన్ని డాబా మీదికి తీసుకెళ్లి ఎండలో చూపించేవారు. ట్యూబ్‌లైటు కింద నేను సరే అన్న రంగులు అక్కడ తేలిపోయేవి. ఆరిందో లేదో బొటనవేలి గోరుతో నొక్కి చూసేవారు. కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వాసన చూసుకున్నాకే మా ఆవిడ ఇచ్చిన టీ అందుకునేవారు. "రంగు ఏసుడు ఆఖరు పని సార్. మొదలు గీకుడు నేర్వాలె" అనేవారు.

ముదురు ఎరుపు ఇంజనుకు పసుపు పట్టీ వేశాను, ఆయన చెప్పినట్టే. నమూనాలు చేసేవాళ్ల ప్రదర్శనకు ఆయన్ని కూడా తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. అక్కడి న్యాయనిర్ణేత నా ఇంజను చూసి, "పట్టీ క్రీమ్ రంగు కదా, పసుపు ఎందుకేశారు?" అన్నాడు.

"పసుపే సార్. నా చేతులతోని ఏసిన" అన్నారు పెయింటర్ గారు.

"అంకుల్, మెమరీ మీద పోలేం కదా. ప్రూఫ్ ఏమన్నా ఉందా?"

ఆయన నా వైపు చూశారు. నేను, "మళ్లీ చెక్ చేస్తాను సార్" అన్నాను, న్యాయనిర్ణేతతో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన ఒక్కమాటే అడిగారు. "మీరు సుత ప్రూఫ్ అడుగుతరా సార్?"

నేను నవ్వేశాను. తర్వాత పట్టీ గీకేసి క్రీమ్ రంగు వేశాను. మరుసటి ఏడు బహుమతి వచ్చింది. పెయింటర్ గారు చూడ్డానికి వచ్చి, ఆ పట్టీ మీద గోరు ఆనించి, "పని సాఫ్ ఉన్నది" అన్నారు. మళ్లీ మా గడప తొక్కలేదు.

పోయిన ఏడాది, తుక్కుకు పంపబోయే ఒక పాత ఇంజన్ని అనుమతి తీసుకుని చూశాను. దాని నంబరు పలక ఊడదీసిన చోట, ఎండ తగలని జాగాలో, పట్టీ రంగు బయటపడింది. నిండు పసుపు. ఫొటో తీసి, మా నమూనాలవాళ్లు వేసే చిన్న పత్రికకు పంపాను. అందులో నా పేరుతో, నా ఫొటోతో వ్యాసం అచ్చయింది. ఆ రంగు నాకు ముందే చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడని నేను రాయలేదు. గోడ అవతలికి వెళ్లి ఆయనకు చెప్పనూ లేదు. రేపు వెళ్దాం అనుకుంటూనే ఏడాది గడిపాను.

వాళ్లింట్లో శవపేటిక పక్కన ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "పుస్తకంల మీ ఫొటో వచ్చిందట గద సార్. మా పిల్ల తెచ్చి చూపెట్టింది" అన్నారు.

"ఆయన ఏమన్నారమ్మా?"

"ఏమంటడు. 'రంగైతే తేలింది, మంచిగైంది' అన్నడు."

తిట్టినా బాగుండేది.

సమాధుల తోటలో ఆయనతో పనిచేసిన ముసలివాళ్లు నలుగురైదుగురు నిలబడ్డారు. పాస్టరు ప్రార్థన ముగిశాక వరసగా వెళ్లి గుప్పెడు మట్టి వేస్తున్నారు. నా ముందున్నాయన వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు.

"మీరేమైతరు సార్ ఆయనకు?"

నేను వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాను. ఆయన ముందుకు జరిగాడు. నా వంతు వచ్చింది. అప్పటికే పిడికిట్లో మట్టి చెమటకు ముద్దయింది. చెయ్యి తెరిచినా వేళ్లను వదలలేదు.