నాయన బాకీపడిన ఆట

ఆదివారం. దోసెలకు పిండి రుబ్బడం అయింది. మిద్దె మీద చెనక్కాయలు ఎండబోయడం అయింది. మా పాప వీడియో గేము పెట్టెలో డిస్కు మళ్లీ తిరిగేలా చేయడం అయింది. ఈ చివరి పని గురించే రాస్తున్నాను...

మా చిన్నప్పుడు... కొత్తచెరువు ఊర్లో బడి పక్కన, రేకుల కొట్టులో నాయన వీడియో గేముల అంగడి నడిపేవాడు. అంతకుముందు మాది చెనక్కాయ సేద్యం. వరుసగా వానలు మొహం చాటేస్తే ఎద్దులను అమ్మి ఒక పాత టీవీ, సీడీ వేస్తే ఆట వచ్చే ఒక పెట్టె తెచ్చాడు.

"ఎద్దులమ్మి బొమ్మలాట తెచ్చినాడు మీ నాయన," అనేది అమ్మ.

"గడ్డి అడగదు గదమ్మే... అదే మేలు," అనేవాడు నాయన.

బడి వదలగానే పిల్లలు గుంపుగా వచ్చి కార్ల పందెం ఆడేవారు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పెట్టె మీదొచ్చే దుడ్లతోనే. అందుకే నాకు ఎప్పుడూ వంతు రాలేదు. దుడ్లిచ్చేవాళ్లు వాకిట్లో నిలబడి ఉంటే కూతురిని ఎలా కూర్చోబెడతాడు...

ఆషాఢం గాలి మొదలైంది. తలుపులు బిగించినా అన్నంలో ఎర్రమట్టి తగిలే గాలి అది. సీడీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోసాగింది. కారు మలుపులో సగానికి వచ్చి అలాగే నిలిచిపోయేది. ఎవరో చెబితే నాయన పెట్టెను బోర్లించి పెట్టాడు. అట్లా కొన్నాళ్లు నడిచింది.

"మన మాదిరే ఉండాది ఇది. తలకిందులైతే గాని నడవదు," అని నవ్వాడు.

అలా కూడా నడవనప్పుడు ఒక మధ్యాహ్నం దాన్ని విప్పాడు. అమ్మ పోపుల పెట్టె ఖాళీ చేసుకుని, ఒక్కో మూల స్క్రూను ఒక్కో గిన్నెలో విడివిడిగా వేశాను, ఆ పూట బడి ఎగ్గొట్టిన నేను. లోపల సీడీని చదివే చిన్న అద్దపు కన్ను, అది ముందుకూ వెనక్కీ జరిగే సన్నని కడ్డీ. నాయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. బండి ఇరుసు కీచుమన్నా, తలుపు బందు బిగిసినా చెనక్కాయ నూనె. ఆ కడ్డీకీ అదే పూశాడు. అద్దాన్ని పంచె కొసతో తుడిచాడు.

సీడీ తిరిగింది... కారు కదిలింది. నేను ఎదురుగా చాప మీద కూర్చున్నాను. అంతలో బడి గంట కొట్టారు.

"ముందు వాళ్లని ఆడనీ పాపా. పొద్దున మొదటాట నీదే. బాకీ," అన్నాడు.

ఆ రాత్రంతా గాలి రేకుల సందుల్లోంచి మట్టిని పోసింది. పొద్దున చూస్తే కడ్డీ మీద నూనె, మట్టి కలిసి ముద్ద కట్టాయి. నాయన ఎంత తుడిచినా కన్ను జరగలేదు. సాయంత్రం పిల్లలు వచ్చారు. "రేపు రాండప్పా," అన్నాడు. మర్నాడూ అదే మాట. తర్వాత వాళ్లు రావడం మానేశారు.

నాయన పెట్టెను పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టి, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయాడు. మళ్లీ మా అందరితో కలిసి ఉన్నది లేదు. వచ్చినప్పుడల్లా మాత్రం, నాకు పెళ్లయ్యాక కూడా, "నీకొకాట బాకీ ఉండా పాపా. మర్చిపోలే," అనేవాడు. ఒకసారి అలా వచ్చి వెళ్లినవాడు మరి రాలేదు... గుండెపోటు. బెంగళూరులోనే.

ఇప్పుడు మా పాప గేము పెట్టె డిస్కు చదవడం లేదంటే, అనంతపురంలో అంగడివాడు లోపలి భాగమంతా మార్చాలన్నాడు. నేను పోపుల పెట్టె తీసుకుని కూర్చున్నాను. అద్దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడిచాను. కడ్డీ మీద ఎండిపోయిన గ్రీజు తుడిచి, దానికని అమ్మే తెల్ల గ్రీజు కాస్త రాశాను. డిస్కు తిరిగింది.

"ఇదంతా యాడ నేర్చుకున్నావ్ మా?" అంది పాప. చెప్పాను. అది విని పాప ఆట నడిపే పిడి నా చేతిలో పెట్టి, "మొదటాట నీదేలే," అంది.

కార్ల పందెమే. మొదటి మలుపులోనే గోడకు గుద్దుకున్నాను. పాప నవ్వుతోంది... నాకు తెర కనిపించలేదు.

ఇప్పుడు ఏది పాడైనా కొత్తది వేయించుకోమంటారు. అప్పట్లో మనవాళ్లు తెలిసినా తెలియకపోయినా విప్పి చూసేవారు. మీ నాయనలు, మీ అమ్మలు బాగుచేయబోయి చేయలేకపోయిన వస్తువేదైనా గుర్తుంటే ఇక్కడ రాయండి. చదువుతాను.

ఇక నాయన నాకివ్వవలసిన ఆట ఒకటి... ఈరోజు ముట్టింది.