ఎత్తితే మా ఇంట్లో ఎక్కలేదండి

రెండు వేల ఇరవై మూడు, వర్షాలు పట్టిన కొత్త. తణుకులో హైవే సర్వీసు రోడ్డు పక్కన నా వీల్ ఎలైన్‌మెంట్ షాపు ఉంది. చక్రాలు సరైన వంపులో, సరైన దిశలో ఉన్నాయో లేదో మెషీన్ మీద చూసి సరిచేయడం నా పని. ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాను కాబట్టి, బండి షాపులోకి తిరిగే తీరు చూసే దాని జబ్బు చెప్పేస్తానని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు ఎలా దిగిందో చెబుతాను.

ప్రసన్నకుమార్ గారు లెక్కల మాస్టారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన తెచ్చింది పాత సెడాన్ కారు. ఎక్కడో పొట్టి స్ప్రింగులు వేయించి దాన్ని బాగా కిందకు దించారు. అది ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు చేయించే పని. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను పెట్టుకున్న మనిషికి ఈ వయసులో ఇదేం సరదా అనుకుని లోపల నవ్వుకున్నాను. వెనక టైర్లు చూస్తే నవ్వు పోయింది. బయటి పక్క కొత్తగా ఉన్నాయి, లోపలి అంచులు మాత్రం తీగలు కనబడేదాకా అరిగాయి.

బండిని దించితే వెనక చక్రాల తలలు లోపలికి వాలతాయి. ఆ వాలునే కాంబర్ అంటాం. కాళ్ళు వంకరగా వేసి నడిచేవాడి చెప్పు ఒక పక్కే అరిగినట్టు, టైరు లోపలి అంచు మీదే బరువంతా పడుతుంది. దానికితోడు చక్రం చూసే దిశ కూడా మారుతుంది. దాన్ని టో అంటాం. అది తప్పితే టైరు ఇంకా తొందరగా పోతుంది.

పాత స్ప్రింగులు వేసి బండి ఎత్తించుకోండి మాస్టారూ, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎత్తితే మా ఇంట్లో ఎక్కలేదండి."

మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. బండి గురించి మాట్లాడుతున్న మనిషి బండి గురించే చెబుతున్నాడనుకున్నాను. ఎత్తు బండి ఇంట్లోకి ఎక్కకపోవడమేంటి, దించిన బండికే కదా పొట్ట గేటు దగ్గర రాసుకునేది? పోర్టికో స్లాబు మరీ కిందకు కట్టుకున్నారేమోనని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

బండి ఎత్తకూడదంటే ఇక మిగిలింది ఎడ్జస్టబుల్ కాంబర్ ఆర్ములు. చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే ఇనప చెయ్యిని ఆర్మ్ అంటాం. కంపెనీ ఇచ్చిన దాని పొడవు మారదు. ఈ రకానికి మధ్యలో మరల గొట్టం ఉంటుంది, దాన్ని తిప్పితే ఆర్మ్ పొడుగవుతుంది, వాలిన చక్రం నిలబడుతుంది. చెప్పడానికి ఇంతే. కొనడానికి కూర్చుంటే మాస్టారి ఫోనులో ముందు చక్రాలవీ వెనక చక్రాలవీ ఒకే ఫొటోతో ఉన్నాయి. ఒకడు జత అంటాడు, ఇంకొకడు అదే ధరకు ఒక్కటే ఇస్తానంటాడు. చూసిన వీడియోకల్లా ఒక సలహా. ఆయన పరీక్షకు చదివినట్టు అన్నీ చదివి వచ్చి నన్ను అడిగేవారు, నేను రాత్రి ఇంటికెళ్లి చదువుకుని మర్నాడు చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిసి మరింత గందరగోళపడ్డాం.

చివరికి రెండు రకాల దగ్గర ఆగాం. ఒకటి కొసల్లో ఇనప గుండు జాయింట్లున్న రేసింగు రకం. చక్రాన్ని ఇటూ అటూ కదలనివ్వదు కానీ, రోడ్డు మీది ప్రతి గుంటా వెన్నులోకి తెలుస్తుంది. రెండోది రబ్బరు బుష్షులున్నది. కాస్త మెత్తన. దించిన బండి వాళ్ళంతా మొదటిదే అడుగుతారు కదా అని నేను దానివైపే మొగ్గాను. మాస్టారు మాత్రం కుదుపు ఉండకూడదని ఒకటే పట్టు. కిందకు దించిన బండిలో కుదుపు ఉండకూడదట! అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగండీ అని కాస్త విసురుగానే అన్నాను. ఆయన పట్టు వదల్లేదు. రబ్బరు రకమే తెప్పించాం. మా వైపు రొయ్యల చెరువుల ఉప్పు తడికి మరలు పట్టేస్తాయి కాబట్టి మంచి పూత ఉన్నవి చూసి, గ్రీజు దట్టంగా పట్టించి బిగించాను. మెషీన్ తెర మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. కొత్త టైర్లు వేసి, ఇక చూసుకోనక్కర్లేదని చెప్పి పంపాను.

సంక్రాంతి వెళ్ళాక ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి మొహంలో రక్తం లేదు. భీమవరం నుంచి వస్తుంటే ఎడమ వెనక టైరు పేలిందట. అదృష్టం, బండి కాలవలోకి పోలేదు. చూద్దును కదా, కుడి టైరు బంగారంలా ఉంది. పేలినదాని లోపలి అంచు మాత్రం మళ్ళీ అరిగిపోయి ఉంది.

"అప్పట్నుంచీ మా ఇంట్లో ఎక్కట్లేదండి," అన్నారాయన. జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకు మళ్ళీ పోర్టికోనే గుర్తొచ్చింది. టైరు పేలితే బండి గేటు ఎక్కకపోవడమేంటో, దానికి ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడమేంటో!

బండి మెషీన్ మీద పెడితే ఎడమా కుడీ రెండూ పచ్చగానే ఉన్నాయి. ఆర్ములు బిగించిన లాక్ నట్లు వదులవలేదు. బుష్షులు బాగున్నాయి. మెషీనే తప్పు చూపిస్తోందేమోనని నా సొంత కారు ఎక్కించి చూశాను, అదీ సరిగ్గానే చూపించింది. రెండు పక్కలా ఒకే ఆర్మ్, ఒకే అంకె, మరి ఒక్క టైరే ఎందుకు అరిగింది? మతి పోయింది. అరుగు మీద కూలబడి, ఇంకేమైనా గమనించారా అని అడిగాను.

"మా ఇంట్లో కూర్చున్నప్పుడు ఎడంపక్కకి దిగుతుందండి," అన్నారు.

అమ్మయ్య, దొరికిందనుకున్నాను. మా భాషలో బండి కూర్చోవడమంటే స్ప్రింగు కుంగడం. ఇంట్లో పెట్టే చోట నేల వాలుగా ఉండి, ఎడమ స్ప్రింగు మీద రాత్రంతా బరువు పడుతోందన్నమాట. తెలిసిన తాపీమేస్త్రి దగ్గర నేల వాలు చూసే రసమట్టం అడిగి తీసుకుని, పదండి మాస్టారూ చూద్దాం అని బయల్దేరాను. రసమట్టం ఎందుకని ఆయన అడగలేదు. నా మీద అంత నమ్మకం మరి.

పోర్టికో స్లాబు ఏనుగు పట్టేంత ఎత్తున ఉంది. నేల అద్దంలా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని రసమట్టం ఏ మూల పెట్టినా బుడగ నడిమధ్యనే నిలబడుతోంది. అప్పుడు వరండాలోంచి ఓ గొంతు వినిపించింది.

"శంకుస్థాపనా అండీ? కొబ్బరికాయ తెప్పించమంటారా?"

చక్రాల కుర్చీలో ఒకావిడ. మాస్టారు ఎంతో మర్యాదగా పరిచయం చేశారు, "మా ఇంట్లో అండి."

ఆ రెండు మాటలకి నా చేతిలో రసమట్టం జారింది. మా ఇంట్లో ఊరెళ్ళింది, మా ఇంట్లో ఒప్పుకోదు అని నా పెళ్ళాం గురించి రోజూ నేనూ అనేవాణ్ణే. మన భాషలో ఆవిడ ఎక్కలేదన్నా, బండి ఎక్కలేదన్నా ఒకటే మాట. అక్కడ నేను బండిని విన్నాను.

ఆవిడ పేరు సరోజిని గారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక కుడికాలు పైకి లేవదు. బండి సీటు కుర్చీ ఎత్తుకి వస్తేనే ఇందులోంచి అందులోకి జరగగలరు. అందుకే మాస్టారు బండి దించారు. ఆవిడ ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ తలుపుకి ఒరిగి, కాలు చాపుకుని కూర్చుంటారు. డిక్కీలో అటుపక్కే కుర్చీ పెడతారు. నా దగ్గరికి తెచ్చేటప్పుడు మాత్రం మాస్టారు మర్యాద కొద్దీ బండి శుభ్రంగా కడిగించి, అన్నీ తీసేసి ఖాళీగా తెచ్చేవారు. నేను ఖాళీ బండికి అంకెలు సరిచేసి పంపేవాణ్ణి. బరువు పడగానే ఎడమ చక్రం వాలిపోయేది.

మరి ఎందుకు ఎక్కట్లేదమ్మా అని అడిగాను.

"ఆ రోజు టైరు పేలితే రోడ్డు మీద వాళ్ళు నన్ను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టారండి. మంచివాళ్ళే తమ్ముడు గారూ. కానీ ఒక్కళ్ళూ నన్ను అడగలేదు. సామాను దించినట్టు దించారు."

అప్పటినుంచి ఆదివారం ఆరాధనకు కూడా వెళ్ళడం మానేశారట. గదీ, వరండా, అంతే. ఎదురుగా మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు. నా మీద నాకే రోత పుట్టింది. వాళ్ళయినా ఆవిడను ఎత్తారు. నేనైతే అసలు లెక్కలోకే తీసుకోలేదు.

బరువుతో ఉండగా ఆర్ములు సరిచేయాలని వివరించాను. మీరు రానక్కర్లేదమ్మా, మీ సీట్లో రొయ్యల మేత బస్తాలు పెట్టి చూసుకుంటానని అన్నాను.

"నేనుండగా నా బదులు బస్తాలెందుకండీ?" అన్నారావిడ. "నేనే వస్తాను. బరువెంతో మాత్రం చెప్పను."

మర్నాడు పొద్దున్నే వచ్చారు. పనివాళ్ళను టిఫిన్‌కు పంపేసి నేనొక్కణ్ణే ఉన్నాను. బండి మెషీన్ ర్యాక్ మీదకు ఎక్కించేముందు, భయమేస్తే చెప్పండమ్మా, వెంటనే ఆపేస్తానన్నాను. ఆవిడ తలుపు పట్టుకుని సరేనన్నారు. తెర మీద ఎడమ వెనక అంకె ఎర్రగా వెలిగింది. ముందురోజు ఎంత వెతికినా దొరకని ఎరుపు, ఆవిడ కూర్చోగానే వచ్చేసింది. కింద దూరి మరల గొట్టం కొద్దికొద్దిగా తిప్పాను. టో మళ్ళీ పెట్టాను. ఆవిడ ఉన్నా లేకపోయినా అంకె హద్దు దాటని చోటు దొరికేసరికి చొక్కా తడిసింది. పైనుంచి ఆవిడ కబుర్లు చెబుతూనే ఉన్నారు. ఎవరు ఎక్కుతారని మొదటే అడిగి ఉంటే మీకూ నాకూ ఇంత తిప్పలు ఉండేది కాదుగా, అన్నారు. కింద ఉన్నాను కాబట్టి నా మొహం కనబడలేదు.

బండి కిందకు దిగింది. మాస్టారు ఇంటివైపు ఇండికేటర్ వేశారు.

"ఇంటికి తర్వాత వెళ్దామండి," అన్నారు సరోజిని గారు. "సిద్ధాంతం బ్రిడ్జి దాకా పోనివ్వండి. గోదారి చూసి చాలా రోజులైంది."

మాస్టారు ఇండికేటర్ తీసి రెండో వైపు వేశారు. బండి సర్వీసు రోడ్డు దాటి హైవే ఎక్కేదాకా ఆ ఎడమ వెనక చక్రాన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పటినుంచి ఏ బండి వచ్చినా, మెషీన్ ఆన్ చేసేముందు ఇందులో ఎవరు కూర్చుంటారని అడుగుతాను. కొందరు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఖాళీ బండి ఎవరికీ అక్కర్లేదని తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.