ఒకే గొంతు మెడగంటలు

వెంకటప్పయ్య చదివింది జూలూరుపాడు బడిలో ఏడో తరగతి దాకా. ఆ సంగతి ఆయన దాచడు సరికదా, అడగకముందే చెబుతాడు. తర్వాత చెప్పబోయే ఘనకార్యాలన్నీ దాని మీదే నిలబడాలి మరి. ఏడు చదివినవాడు పాత బోరు మోటారుతో లేతు మిషను నిలబెట్టాడు. ఏడు చదివినవాడు, మెకానిక్కులు చేతులెత్తేసిన వరికోత మిషను గేరును ఒక్క పూటలో తిప్పి చూపించాడు. పత్తి సాళ్లలో తోలే గుంటకకు ఆయన పెట్టిన వంపు చూసి బూర్గంపాడు నుంచి వచ్చిన రైతులు ఫొటోలు తీసుకుపోయారు.

"ఫొటోల సంగతి నాకు తెలియదు గానీ, మనింట్లో తలుపు గడియ మాత్రం మూడేళ్లుగా పడట్లేదు" అంటుంది భార్య రాఘవమ్మ.

టేకులపల్లి దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట రేగళ్లగుంపు అనే చిన్న పల్లె ఉంది. అందులో చివరి ఇల్లు వాళ్లది. డెబ్బై నిండాక పొలం కౌలుకిచ్చి, ఖాళీ అయిన పశువుల కొట్టంలో ఆయన ఇనుప సామాను పెట్టుకున్నాడు. బతుకుతెరువుకు కాదు, సరదాకు. ఆ కొట్టంలోకి వచ్చినవాళ్లు పని చెప్పేముందు జాగ్రత్తలు వినాలి. డ్రిల్లు మిషను దగ్గర మెడలో తువ్వాలు ఉండకూడదు. చిన్న ముక్కే కదా అని చేత్తో పట్టుకుని బెజ్జం వేయకూడదు, బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాలి. లేకపోతే ముక్క తిరిగినప్పుడు వేళ్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. తెల్లపూత ఉన్న పైపుకు వెల్డింగ్ పెట్టేముందు పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. ఇవన్నీ ఆయన ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరైనా అడిగితే రాఘవమ్మే జవాబిస్తుంది. "ఒక్కో జాగ్రత్తకు ఒక్కో దవాఖానా చీటీ ఉందమ్మా. దాచాను, చూపిస్తాను."

మెడగంటల ఆలోచన ఆయనకు పగిడయ్యను చూసి వచ్చింది.

పగిడయ్య గుంపు పశువులను అడవిలో మేపుతాడు. నలభై దాకా ఉంటాయి. రెండేళ్లుగా రెండు కళ్లకూ పొర కమ్మి ఉంది. ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చారు, ఇంకా రాలేదు. అయినా మేత ఆగలేదు. మందను నడిపించే పన్నెండు పశువుల మెడల్లో గంటలుండేవి, వాటిని వింటూ నడిచేవాడు. వాళ్ల నాయన కాలం నాటి గంటలవి. సొట్టలు పడి, చిల్లులు పడి, ఒకటి దగ్గేది, ఒకటి గిన్నె మూతలా మోగేది, ఇంకొకటి రెండు దెబ్బలకు ఒకసారే పలికేది. సాయంత్రం మంద ఇల్లు చేరుతుంటే ఆ రొద వినలేక వెంకటప్పయ్య చెవులు మూసుకునేవాడు.

ఎవరూ అడగలేదు. ఆయనే చేశాడు. ఒకే మూడంగుళాల పైపు తీసుకుని, అయిదేసి అంగుళాల చొప్పున పన్నెండు ముక్కలు కోశాడు. పైన ఒకే మందం రేకు అతికాడు, లోపల ఒకే కొలత బోల్టు వేలాడదీశాడు. లేతు మీద పెట్టి అంచులు తీశాడు. అన్నీ ఒకే బరువు, అన్నీ ఒకే మోత. వెంట్రుకవాసి తేడా లేదు. పాత గంటలు విప్పించి, ఆ సాయంత్రమే దాగలి మీద పెట్టి సుత్తితో చదును చేసేశాడు, ఆ రేకు తలుపు బందులకు పనికొస్తుందని.

పగిడయ్య భార్య ముత్తక్క కొత్త గంటలు రెండు తీసుకుని చెవి దగ్గర ఊపి చూసింది.

"గిది ఏ ఆవుదో, గది ఏ కోడెదో ఎట్ల తెలుస్తది పెద్దయ్యా? రెండూ ఒక్కతీరే అంటున్నయ్."

"అదేనమ్మా పనితనమంటే! పన్నెండూ ఒకే గొంతు. కంపెనీ వాళ్లను చేయమను చూద్దాం!"

చేత్తో చేసి ఇచ్చినదాన్ని కాదనడం ఆ గుంపులో లేదు. ఇచ్చిన రోజే కట్టుకోవాలి. పగిడయ్య ఒక్కో పశువు మెడ తడిమి కట్టాడు. "మంచిగ చేసినవ్ మావా. ఒక్క తల్లి పిల్లల్లెక్కున్నయ్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతను నవ్వలేదన్న సంగతి వెంకటప్పయ్యకు తర్వాత గుర్తొచ్చింది.

నాలుగో రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం అన్నం వేళకు ముత్తక్క తడిసిన చీరతో కొట్టం ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దయ్యా, గంటలున్నయ్ నాలుగు ఇంటికొచ్చినయ్. కొన్ని దూడలు ఎంటొచ్చినయ్. మనిషి రాలే."

"ఎవరు, పగిడయ్యా?"

"ఇంకెవరు? పొద్దుగూకితే గాని రాని పసులు పగటీలే తలో దిక్కుకెల్లి వచ్చినయ్. వాగు నిండ పారుతున్నది పెద్దయ్యా. ఆయనకు నీళ్లు కనబడయ్, గంటే ఇనబడతది. అవతల మోగిందంటే అటే నడుస్తడు."

వెంకటప్పయ్య చేతిలోని ఆకురాయి బల్ల మీద పెట్టాడు. ముత్తక్క ఆయన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

తండా నుంచి లాల్‌సింగ్ అప్పటికే బయలుదేరి వచ్చాడు. అతని కోడెలు రెండు మందలో ఉన్నాయి. ముత్తక్కను పశువుల దగ్గర ఉండమని, ఇద్దరూ అడవిలోకి దిగారు.

ముసురులో అడవి మధ్యాహ్నమే మసకబారుతుంది. వాన కనబడదు, ఆకుల మీంచి జారే చుక్కలే వినబడతాయి. మద్దిచెట్ల మధ్యకు పోగానే ఎడమవైపు గంట మోగింది. వెంకటప్పయ్యకు ముందు కలిగింది గర్వమే. ఎంత నిండుగా పలుకుతోంది! అటు రెండడుగులు వేశాడో లేదో కుడివైపు మోగింది. అదే గొంతు. అదే బరువు. ఇంకో రెండడుగులకు వెనక మోగింది. ఒకే మనిషి నాలుగు దిక్కుల్లో నిలబడి ఒకే మాట అంటున్నట్టుంది.

"పగిడయ్యా!" అని కేకేశాడు.

కేక తడి ఆకుల్లో ఇంకిపోయింది. గంటలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో తమను వింటున్నారనిపించింది. పశువులు తలెత్తి ఉంటాయిలే అనుకున్నాడు. అంతలో అన్నీ కలిసి మళ్లీ మొదలయ్యాయి.

దగ్గరగా వినిపించిన గంట వైపు నడిచారు. పొద మళ్లితే అది దూరమయ్యేది. దూరంగా ఉన్నదనుకున్నది మోచేతి పక్కనే మోగేది. ఎర్రమట్టి పుట్ట ఒకటి దాటారు. కాసేపటికి మళ్లీ ఒక పుట్ట దాటారు. మూడోసారి దాటేటప్పుడు, తడిమట్టిలో తన చెప్పుల గుర్తులు చూసి వెంకటప్పయ్య ఆగిపోయాడు.

"ఇక్కడే తిరుగుతున్నం కాకా" అన్నాడు లాల్‌సింగ్. "గీ అడవిల పుట్టి పెరిగినోణ్ణి, నన్నే తిప్పుతున్నది."

వెంకటప్పయ్య కళ్లు మూసుకున్నాడు. పగిడయ్యకు ఎలా ఉంటుందో చూద్దామని. పది ఊపిరులు తీశాడో లేదో, ఇల్లు ఏ వైపో తెలియలేదు. తాను తిరిగి నిలబడ్డాడా, ఉన్నచోటే ఉన్నాడా అన్నది కూడా తెలియలేదు. కాళ్ల కింద నేల మెల్లగా తిరుగుతున్నట్టుంది. గబుక్కున కళ్లు తెరిచాడు. రెండేళ్లుగా ఈ చీకట్లోనే నలభై పశువులను తోలి, ఒక్కదాన్ని పోగొట్టుకోకుండా ఇల్లు చేర్చినవాడు పగిడయ్య. ఆ మనిషి చేతికర్ర లాక్కున్నట్టే చేశాడు తాను.

"లాల్‌సింగ్, కనబడ్డ గంట నోట్లో ఆకులు కుక్కు. ఆకుల మీద బురద కొట్టు. ఒక్కటీ మోగకూడదు."

"మోగకపోతే పసులు దొరకయ్ కదా కాకా!"

"ముందు మనిషి దొరకాలి. అన్నీ ఆగిపోతే ఎటూ నడవడు. ఉన్నచోటే నిలబడతాడు."

పుట్ట వెనక ఉన్న ఎర్రావుతో మొదలుపెట్టారు. ఆవు కదలకుండా నిలబడి వెంకటప్పయ్యను చూసింది. గంటలో టేకు ఆకు కుక్కుతుంటే లోపలి బోల్టు ఆయన వేళ్లకు చల్లగా తగిలింది. అడవిలో ఒక దిక్కు ఆరిపోయింది.

లాల్‌సింగ్ పైకి లెక్కపెడుతూ పోయాడు. ఇంటికి చేరినవి నాలుగు, ఇక్కడ ఉండాల్సినవి ఎనిమిది. రెండు. మూడు. తునికి పొదల్లో రెండు ఒకేచోట దొరికాయి, అయిదు. ఒక్కోటీ మూసేకొద్దీ అడవి పెద్దదవుతున్నట్టుంది. అంతవరకు వినబడని వాగు వినబడసాగింది. ఆరు, ఏడు. ఎనిమిదోది లాల్‌సింగ్ సొంత కోడె. దాని గంటలో ఆకులు కుక్కి, బురద రాసి, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూశాడు. చప్పుడు లేదు.

"అయిపోయినయ్ కాకా. ఎనిమిది."

అప్పుడు వాగు వైపు గంట మోగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పరిగెత్తారు. డెబ్బై ఏళ్ల మోకాళ్లు ఎలా పరిగెత్తాయో ఆయన ఇప్పటికీ చెప్పలేడు.

పగిడయ్య మోకాలి లోతు నీళ్లలో ఉన్నాడు. కర్ర ముందుకు చాచి, తల ఒక పక్కకు వంచి, ఎర్రటి వరదలోకి ఇంకో అడుగు వేస్తున్నాడు. ఎవరో పేరుపెట్టి పిలిస్తే వెళ్తున్నవాడిలా తీరిగ్గా. లాల్‌సింగ్ నడుం పట్టుకున్నాడు, వెంకటప్పయ్య చొక్కా పట్టుకున్నాడు. ముగ్గురూ బురద గట్టు మీద వెల్లకిలా పడ్డారు.

"ఇడువుర్రి! ఎర్రావు అవతలికి పోయింది. ఇంటలేరా?"

"ఎర్రావు గంట నా చేత్తో మూశాను పగిడయ్యా. ఎనిమిదీ మూశాం. నాలుగు ఇంట్లో ఉన్నాయి."

పగిడయ్య కదలకుండా విన్నాడు. అవతలి గట్టున వెదురు పొదల వెనక, తీరిగ్గా, మేసే పశువు తల ఊపినట్టు గంట మోగుతోంది.

"మరి గదేంది మావా?"

వెంకటప్పయ్య అటు చెవి ఒగ్గాడు. తన పనిని తాను గుర్తుపట్టలేడా? అది తన గంటే. ఆ పైపే, ఆ బోల్టే. లాల్‌సింగ్ వేళ్లు మడిచి మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు, ఈసారి పైకి వినబడకుండా. వాళ్లు చూస్తుండగానే మోత కొంచెం దూరం జరిగి, కాసేపు ఆగి, మళ్లీ మోగింది, వెంట వస్తున్నారా అని చూస్తున్నట్టు.

పగిడయ్యకు చెరో పక్క చేయి పట్టుకుని వెనక్కి తిరిగారు. మూతి మూసిన గంటలతో ఎనిమిది పశువులు, వాటి వెనక మిగతా మంద, చప్పుడు లేకుండా వెంట నడిచాయి.

మర్నాడు ఉదయం కొట్టంలో నులకమంచం మీద గంటలన్నీ పరిచి రాఘవమ్మ లెక్కపెట్టింది. పన్నెండు. ఎనిమిదింట్లో ఆకులూ బురదా పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి.

"ఇంకోటి ఏమైనా చేశారాండీ, మరిచిపోయి?"

"నేను చేసింది నేను మరిచిపోతానా!" అన్నాడు. అది నిజమే, ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

గుంపు వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పగిడయ్యను బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, వెంకటప్పయ్య గంట వైసులో బిగించి రంపం తీశాడు. అంచు కోసేకొద్దీ గొంతు సన్నబడుతుంది. నిలువు గాటు పెడితే బొంగురుపోతుంది. కోసింది మళ్లీ అతికించలేం కాబట్టి వెంట్రుకంత కోసి వినాలి, మళ్లీ కోసి వినాలి. వినే పని పగిడయ్యది.

"గిది లాల్‌సింగ్ కోడెకు. ఇంక జర దగ్గాలె మావా."

"దగ్గే గంట కావాలని అడిగినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

"మంచిగ పలికేటియి చేసి చూసినవ్ కదా."

ముత్తక్క నవ్వింది. తర్వాత వెంకటప్పయ్య కూడా నవ్వాడు. లేతు మీద నునుపుగా తీసిన అంచులను రంపంతో పాడుచేస్తుంటే పళ్లు జివ్వుమంటున్నా, ఆగలేదు. ఎనిమిది అయ్యాయి. ఏ రెండూ ఒకలా లేవు. తొమ్మిదోది వైసులో పెట్టేసరికి పగిడయ్య ముఖం అడవి వైపు తిప్పాడు.

"అన్నిటికీ గాటు పెడుతున్నవ్, బాగనే ఉన్నది. వాగు అవతలి దానికెవరు పెడతరు మావా?"

వెంకటప్పయ్య వైసు ఇంకో చుట్టు బిగించి, తొమ్మిదో గంట మీద రంపం ఆనించాడు.